పెనంలో తగ్గింది ఏమిటి

నా చిన్నప్పుడు, కాలేజీలో కెమిస్ట్రీ చదివే మా చిన్నాన్న సెలవులకు నర్సీపట్నం వచ్చాడంటే ఇంటిల్లిపాదీ నోరు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళం. సిగ్గులేకుండా నేనూ విన్నాను. కెమిస్ట్రీలో రిడక్షన్ అంటే వేరు, లెక్కల్లో భిన్నాన్ని కుదించడం వేరు అంటూ తెగ దంచేవాడు. పొయ్యి రాజేయడం మాత్రం రాదు.

ఆ ఏడాది మా చెరకు బెల్లం వండే పని పెద్దమ్మ మీద పడింది. పెదనాన్న పోయాక పాకం చూసే మనిషి లేడు. ఆడమనిషికి పాకం ఏం తెలుస్తుందని ఊళ్ళో మగవాళ్ళు ముందే పెదవి విరిచారు. ఎంత మనిషినైనా ఒక్క ముక్కకి కుదించేయడం వాళ్ళకు బాగా వచ్చు. మొదటి పెనం చెడితే ఆవిడ ఇక పొయ్యి దగ్గరికి రాకూడదని తేల్చేశారు.

పెద్ద పెనంలో చెరకు రసం మరిగి సగానికి దిగింది. పెద్దమ్మ బెల్లం అచ్చులు కడగడానికి వెళ్తూ నన్ను కాపలా ఉంచింది. చిన్నాన్న తొంగిచూసి, అంతా ఆవిరైపోతే ఏం మిగులుతుందని పొయ్యిలో మండుతున్న చెరకు పిప్పి లాగేశాడు. రాజేయడం రాదు గాని ఆర్పడం వచ్చు. చదువుకున్నవాడు కదా అని నేను నోరు మూసుకున్నాను.

పెద్దమ్మ వచ్చేసరికి మంట లేదు, నలుగురు మగవాళ్ళు మాత్రం చేరారు. "ముందే సెప్పేం కదేటి," అన్నాడొకడు. చిన్నాన్న మెల్లగా వాళ్ళ వెనక్కి జరిగాడు. ఆ కెమిస్ట్రీ అంతా ఎటు పోయిందో.

"పిప్పి లాగేసింది సిన్నాన్నే," అన్నాను.

పెద్దమ్మ తిట్టలేదు. చెంచాడు పాకం నీళ్ళ పళ్ళెంలో వేసి చిన్నాన్నకి చూపించింది. కరిగిపోయింది. "నువ్వే బేగి ఎగదొయ్యి బాబూ," అంది. చొక్కా చెమటతో తడిసి ముద్దయ్యేదాకా అతని చేతే మంట పెట్టించింది. పాకం ఇంకా దిగింది. ఈసారి పళ్ళెంలో గులకరాయిలా గట్టిగా నిలిచింది.

"తగ్గింది నీళ్ళు. తీపి ఎక్కడికెళ్ళిందేటి?"

బెల్లం కాస్త నల్లబడింది. అయినా తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ పెనం ఆవిడదే.

నేను లెక్కల టీచరునై, రెండు బై నాలుగుని ఒకటి బై రెండు చేసినా విలువ పోదని చెప్పినప్పుడల్లా ఆవిడనే తలుచుకున్నాను. ఇప్పుడు కుర్ర అధికారులు బళ్ళో టీచర్లను పీకేసి దానికీ రిడక్షన్ అని పేరు పెడుతున్నారు. నీళ్ళు ఉంచుకుని తీపి పారబోసే రకం. వాళ్ళ మొహానే ఆ మాట అంటాను. మంట ఆరుతుంటే నోరు మూసుకుని నిలబడ్డ ఆ కాసేపు నేనింకా మరిచిపోలేదు.