సముద్రం చూడని మా నాయన

మొన్న ఆదివారం పేపరులో ఒక బంగళా బొమ్మ చూసి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అట్లనే కూర్చుండిపోయినాను. విశాఖ అవతల సముద్రం ఒడ్డున తెల్లదొరలు కట్టుకున్న పెంకుల బంగళా అది. ఇప్పుడెవరో దాన్ని హెరిటేజ్ హోటలుగా మార్చి, పాత మంచాలకు పాలిష్ పట్టించి, వరండా నిండా పూలకుండీలు పెట్టినారట. మా కాలంలో అది రైల్వే ఉద్యోగుల విశ్రాంతి గృహం, అందులో నేనూ నాలుగు రోజులు దొరలాగ ఉండి వచ్చినవాణ్ణే.

తొంభైల చివర గుంతకల్లులో నేను చిన్న గుమాస్తాను. ఆ బంగళాలో గదికి మూడేండ్లు పట్టు విడవకుండా దరఖాస్తు పెట్టింది నాకోసం కాదు, మా నాయన కోసం. గార్లదిన్నె పక్క పల్లెలో శెనక్కాయ పండించుకునే మనిషి, ఆయన బతుకులో నిండిన చెరువును చూసిందే తక్కువ. నాకు ఉద్యోగం వచ్చినప్పటినుంచి, అవతలి ఒడ్డు కనపడనన్ని నీళ్లుంటాయంట, నిజమేనా అని అడగని రోజు లేదు. చూపిస్తాలే నాయనా అని నేనూ మాటిచ్చేసినాను.

తీరా గది దొరికింది ఆషాఢంలో. నాయన ఒకరోజు ముందే కొత్త టవాలు భుజాన వేసుకుని మా క్వార్టర్సుకు వచ్చి, ఏడు నెలల మా పాపను ఒళ్లో పెట్టుకుని, నిన్ను సముద్రంలో ముంచి తీస్తా చూడు అని ఒకటే మురిపెం. మా ఆవిడ దారికి జొన్నరొట్టెలు, శెనక్కాయ పొడి మూట కట్టింది. మరుసటి మధ్యాహ్నం, బండికి ఇంకా మూడు గంటలుందనగా, రెండు నెలలుగా మొగం చూపని వాన పట్టుకుంది! నాయన వాకిట్లో తడుస్తా మా ఊరి దిక్కే చూస్తా నిలబడినాడు. బస్సు దిగి వచ్చిన మా ఊరాయన ఒకడు ఆ పక్క ఇంకా గట్టిగా పడిందని చెప్పినాడు. అంతే, విత్తనమెయ్యాల, ఊరికి పోతానని సంచి చంకన పెట్టేసినాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులకు చేను యాడికి పోతుందని అరిచినాను.

"చేను పోదప్పా, పదును పోతాది" అన్నాడు. "సముద్రం యాడికీ పోదులే, మళ్లొకసారి సూస్తా."

విత్తనానికి కావలసిన తడి నేలలో రెండు మూడు రోజులకు మించి నిలవదని, సేద్యగాని కొడుకును, నాకు తెలియక కాదు. అయినా పంతానికి మేము ముగ్గురమే పోయినాము. అబ్బ, ఏమి చోటు! ఎత్తయిన కప్పు, కిటికీ తెరిస్తే మంచం మీదికి ఉప్పుగాలి, పొద్దున్నే బూడిద రంగులో ఉండి మధ్యాహ్నానికి పచ్చగా మారే నీళ్లు. చూసిన ప్రతిదానికీ నాయన గుర్తొచ్చేవాడు, గుర్తొచ్చిన ప్రతిసారీ కోపమొచ్చేది.

నెల తర్వాత ఊరికి పోతే నాయన చేన్లో కలుపు తీస్తా ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, మట్టిచేతులు పంచెకు తుడుచుకుని, "ఎట్లుండాదప్పా సముద్రం?" అన్నాడు, చిన్నపిల్లోని మాదిరి.

"నీళ్లే. ఇంకేముంటాది" అన్నాను.

నాయన "అట్నా" అని మళ్లీ వంగి కలుపు పట్టినాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ వానే ఆఖరు, మళ్లీ చినుకు లేదు. ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టకముందే చేను మాడిపోయింది. కార్తీకంలో నాయన మూడు రోజుల జ్వరంతో పోయినాడు. అటు పంటా దక్కలేదు, ఇటు సముద్రమూ చూడలేదు, ఏం పాపం చేసినాడని!

ఇప్పుడు సముద్రం ఎట్లుంటుందని ఎవరన్నా అడిగితే ఫోను తీసి అలల చప్పుడుతో సహా చూపిస్తారు. ఆ రోజుల్లో అట్ల కాదు, చూసొచ్చినవాడు కూర్చుని చెప్పాల, చూడనివాడు వినాల. మా నాయనకు అట్ల చూసొచ్చి చెప్పాల్సినవాణ్ణి నేనే. ఆయన అడిగినాడు. నేను చెప్పలేదు.