మంచులో రికార్డింగ్

మా మేనకోడలు ఒక ఆర్ట్ సినిమాకు సంగీతం చేస్తోంది. పాట గానీ తాళం గానీ లేకుండా, చీకటిలా కమ్ముకునే శబ్దాలతోనే ఆ సంగీతమంతా ఉంటుందట. అందుకని మంచు కమ్మిన ఓ జనవరి ఉదయం గోదావరి మీద పడవ ఆపించి, అంచున మైకు అమర్చింది. పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దని పడవతని దగ్గర మాట తీసుకుంది. గడియారం నాకు అప్పగించింది.

మంచు పట్టినప్పుడు ఇక్కడి పడవవాళ్లు ఒకరినొకరు గుద్దుకోకుండా కేకలు వేసుకుంటూనే తిరుగుతారు. మాట ఇచ్చాడు గనుక ఇతను పెదవి విప్పలేదు. తొమ్మిదో నిమిషంలో ఎక్కడో ఇంజను మోగింది. పదకొండో నిమిషానికి అది మా వైపే వస్తోందని స్పష్టమైంది. పడవతను నా ముఖంలోకి చూశాడు. హెడ్‌ఫోన్లలో ఆ ఇంజను మోత విని మేనకోడలు మురిసిపోతూ, ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"పడవుందండోయ్!" అని అరిచాను.

మంచులోంచి ఒక పడవ మూరెడు దూరంలో తప్పుకుపోయింది. "మౌనవ్రతమేంటండీ? నోట్లో నాలుక లేదా?" అని అందులోంచి ఎవరో తిట్టారు.

"ఇంకో నాలుగు నిమిషాలుంటే సరిపోయేది, మావయ్యగారూ!" అంది ఆమె.

పడవతను ఎవరినీ అడగకుండా ఒడ్డువైపు తిప్పాడు. ఒడ్డు తగిలేదాకా గొంతు చించుకుని కేకలు వేస్తూనే ఉన్నాడు. ఆమె రికార్డింగ్ ఆపలేదు.