మొదటి వానకు వచ్చిన మేస్త్రీ

నా చిన్నప్పుడు మా వంటింటి నేల వానాకాలంలో పైకి లేచేది, వేసవిలో కిందికి దిగేది. కొల్లేటి ఒడ్డు ఊళ్ళలో పుట్టినవారికి ఇది వింతేమీ కాదు. అక్కడి నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి కుంగుతుంది. ఇంటి మెరకకు ఆ మట్టే పోస్తే, పైన పరిచిన నాపరాళ్ళు కూడా దానితోపాటే లేస్తాయి. పోయకూడదని అందరికీ తెలుసు. అయినా చాలామంది పోసేవారు. మట్టి ఇంటి వెనకే దొరుకుతుంది. ఇసుక కావాలంటే ఏలూరు దాకా బండి కట్టుకెళ్ళి తమ్మిలేరు నుంచి తెచ్చుకోవాలి.

ఆ ఏడు నాకు పదేళ్ళు. అంతకుముందు వేసవిలోనే మా నాన్న ఒక మేస్త్రీ చేత వంటింటి నేల కొత్తగా వేయించారు. నున్నగా, అందంగా ఉంది. కింద ఏం పోశాడో ఎవరూ చూడలేదు. రెండో వానకే తూము పక్కన ఒక రాయి రెండంగుళాలు లేచింది. మా అమ్మ గంజి వార్చడానికి గిన్నె పట్టుకెళ్తూ ఆ రాయి తగిలి పడిపోయింది. మరుగుతున్న గంజి కుడిపాదం మీద ఒలికింది. అమ్మ పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. నేను తలుపు వెనక సుద్దముక్కతో రోజుకో గీత గీశాను, అందుకే ఆ లెక్క నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత వంట పెరటి వసారాలోకి మారింది. ఆ ఏడు మిగిలిన వానలన్నీ అమ్మ జల్లుకు తడుస్తూనే పొయ్యి మండించింది. మళ్ళీ అలా గడవకూడదంటే, వచ్చే వేసవి పోయేలోగా వంటింటి నేల తవ్వి సరిగ్గా వేయించాలి. ఈసారీ తప్పు మనిషి చేతిలో పడితే, అమ్మ ఆ లేచిన రాళ్ళ మీదే గంజి పట్టుకుని నడవాలి. పాదం మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. నాకు ఆ రాళ్ళంటే పాముల భయం లాంటి భయం.

మా నాయనమ్మ చదువుకోలేదు. నాన్నను ఒక్క మాట కూడా అనలేదు గాని, “కిందటిసారి మేస్త్రీని నువ్వు చూశావు. ఈసారి నన్ను చూడనియ్యి” అంది.

నాన్న ఏలూరు నుంచి ఒక మేస్త్రీని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని సైకిలు మీద వచ్చాడు. తాను కట్టిన మేడల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నాయనమ్మ అన్నీ విని, చల్లటి మజ్జిగ ఇచ్చి, మెల్లగా అడిగింది.

“ఏవండీ మేస్త్రీ గారూ, మీ చేతిలో పని చెడిన ఇల్లు ఒక్కటి చూపిస్తారా?”

ఆయన పగలబడి నవ్వాడు. “నా చేతిలో పని చెడ్డమేంటండీ అమ్మగారూ! ఇరవై ఏళ్ళలో ఒక్కటి లేదండి. కావాలంటే మొన్న సున్నం వేసిన మేడ చూపిస్తాను, రండి.”

“అంత మంచి పనివారు మా వంటింటికెందుకు లెండి” అని నాయనమ్మ ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది. మర్యాదలో ఏ లోటూ చేయకుండా సాగనంపింది.

నాన్నకు చిర్రెత్తుకొచ్చింది. “చెడిన ఇల్లు చూసి మేస్త్రీని పెట్టుకుంటారటే అమ్మా, ఎక్కడైనా? అవతల రోహిణి కార్తె వచ్చేస్తోంది!”

“రానీరా. ఎండలో అందరి నేలా బాగానే ఉంటుంది” అంది నాయనమ్మ.

నాలుగు రోజుల తర్వాత పక్క ఊరి నుంచి ఇంకో మేస్త్రీ నడిచి వచ్చాడు. చొక్కా భుజం మీద చిరిగి ఉంది. మాట్లాడే ముందు వంటింట్లోకి వెళ్ళి గొంతుక్కూర్చుని, లేచిన రాళ్ళను వేళ్ళతో తట్టి చూశాడు. నాయనమ్మ అదే మాట అడిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. చేతికంటిన మట్టి దులుపుకుని, తలొంచుకునే అన్నాడు.

“రెండున్నాయండి. ఏది చూస్తారు?”

“ఎక్కువ చెడింది” అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున్నే ఎడ్లబండి కట్టుకుని వెళ్ళాం. నాయనమ్మ నా చేతికి ఒక ఇత్తడి చెంబు ఇచ్చింది. మేస్త్రీ బండి ఎక్కలేదు, పక్కనే నడిచాడు. ఆ ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుతోంది. మేస్త్రీని చూడగానే గొంతెత్తింది.

“ఏం మేస్త్రీ, మళ్ళీ వచ్చావా? ఎవరి కొంప లేపావేంటి ఈసారి?”

“మీదే చూపిద్దామని తీసుకొచ్చానండి” అన్నాడాయన.

“సిగ్గు లేకపోతే సరి!” అని ఆవిడ నవ్వి, మా ఇద్దరికీ చాప వేసింది. తర్వాత నాయనమ్మతో చెప్పింది. “మా వంటిల్లు ఈయనే వేశాడండీ. ఇసుక బండి రావడం ఆలస్యమైందని సగానికి నల్లమట్టి పోసేశాడు. మొదటి వాన పడ్డ మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉన్నాడు. మేం కబురు పెట్టలేదు, మాకసలు తెలియనే తెలియదు. వాన పడింది గదా, చూద్దామని వచ్చానండీ అన్నాడు. అప్పటికే పొయ్యి పక్క రాళ్ళు లేచాయి. ఇదిగో, నా తప్పేనండీ అని తనే చూపించాడు. వానలు వెలిశాక వచ్చి, అంతా తవ్వి, ఇసుక పోసి మళ్ళీ వేశాడు. పదకొండు రోజులు. నేను తిట్టని రోజు లేదనుకోండి!”

“తిట్టినా అన్నం పెట్టారండి” అన్నాడు మేస్త్రీ.

నాయనమ్మ నన్ను వంటింట్లోకి పంపింది. చెంబుడు నీళ్ళు తూముకు దూరంగా ఉన్న మూలన పోసి, తూము దగ్గరికి చేరేదాకా అంకెలు లెక్కపెట్టమంది. పోశాను. నీళ్ళు దారి తెలిసినట్టు రాళ్ళ మీదుగా మెల్లగా జారి, పద్నాలుగు అనేసరికి తూములో దిగాయి. నేను గట్టిగా “పద్నాలుగు!” అని అరిచాను. మేస్త్రీ మాత్రం లోపలికి వచ్చి వేలు చూపించాడు.

“ఆ గోడవార ఇంకా కాస్త నిలుస్తాయండి. అక్కడ వాలు చాలలేదు. మీ ఇంట్లో ఇంకో అరంగుళం ఇస్తాను.”

నాయనమ్మ వంగి చూసింది. గోడవార నిజంగానే అరచేయంత తడి నిలిచి ఉంది. అంతే, ఇంకేమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో “ఎక్కు, అబ్బాయీ, బండెక్కు” అంది. ఆయన ఎక్కాడు.

మా వంటిల్లు తవ్వితే రెండడుగుల లోతు దాకా నల్లమట్టే. ఏడు బండ్ల ఇసుక వచ్చింది. ఒక్కొక్క పొర పోయడం, తడపడం, దిమ్మిస కొట్టడం. ప్రతి బండీ దిగగానే మేస్త్రీ నాన్నను పిలిచి పిడికెడు ఇసుక చేతిలో పెట్టేవాడు. ఇరవై రెండు రోజులకు పని పూర్తయింది. అప్పటికీ నాన్న ముఖంలో అనుమానం పోలేదు. కిందటి ఏడు కూడా ఎండల్లో ఇలాగే ఉంది మరి. అమ్మ లోపల వంట మొదలుపెట్టింది గాని, గంజి మాత్రం వసారాలోకి తెచ్చే వార్చేది.

మొదటి వాన రాత్రంతా కురిసింది. తెల్లవారి నేను పళ్ళు తోముకుంటుండగా, తాటాకు గొడుగు కింద మోకాళ్ళ దాకా బురదతో మేస్త్రీ వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

“వాన పడింది గదండీ. ఓ చెంబుడు నీళ్ళిప్పించండి, చూద్దాం.”

చెంబు నేను తేబోయాను. అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. తనే మూలకు వెళ్ళి నీళ్ళు పోసింది. అందరం చూస్తూ నిలబడ్డాం. నేను పదమూడు లెక్కపెట్టేసరికి నీళ్ళు తూములో పడ్డాయి. గోడవార చుక్క నిలవలేదు. అమ్మ మేస్త్రీకి పీట వేసి, పొయ్యి మీది అన్నం కుండ దించి, ఆ తూము దగ్గరే గంజి వార్చింది. ఏడాది తర్వాత మొదటిసారి. నాయనమ్మ కొంగుతో కళ్ళద్దుకోవడం నేను చూడటం అదే మొదలు.

నాకిప్పుడు డెబ్బై మూడేళ్ళు. ఉండేది తాడేపల్లిగూడెంలో. మోకాళ్ళు వంగడం లేదని, మా స్నానాలగది పగలగొట్టి, కాలు జారని టైల్సూ, పట్టుకోవడానికి కడ్డీలూ పెట్టిద్దామనుకున్నాను. ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చారు. ముగ్గురూ ఫోన్లు తీసి మెరిసే ఫొటోలు చూపించారు. ముగ్గురినీ నాయనమ్మ ప్రశ్నే అడిగాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నా కోడలి వైపు చూశాడు. మూడో అతను ఫోను జేబులో పెట్టుకుని, “అత్తిలిలో ఒకటుందండి. కింది వాటాలోకి కారింది. మళ్ళీ చేసిచ్చాను. చూస్తారా?” అన్నాడు. చెంబు పట్టుకుని కారెక్కాను. కోడలు దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

పని అతనికే అప్పగించాను, పదిహేడు రోజులు పట్టింది. మొదటి వానకు వస్తావా అని అతన్ని నేను అడగలేదు. అడిగితే వచ్చేది వేరు, అడగకుండా వచ్చేది వేరు.

పోయిన మంగళవారం వాన పడింది. బుధవారం ఎవరూ రాలేదు. గురువారం ఉదయం ఏడూ నలభైకి బెల్లు మోగింది. చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. “నిన్నే రావాల్సిందండి, తణుకులో ఇరుక్కుపోయాను. కిటికీ పక్కనుంచి చెమ్మ ఏమైనా దిగిందేమో చూసిపోదామని” అన్నాడు.

పని రోజుల లెక్క రాసుకునే నా పుస్తకంలో ‘ఒక రోజు ఆలస్యం’ అని రాసుకున్నాను. తర్వాత నాయనమ్మ ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టి అతని చేతికిచ్చి, అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.