మొదటి బెల్లుకే ఇంటికి

నాకసలే ముక్కు మీద కోపం. దానికితోడు ఆ ఏడాది నన్ను ఆరో తరగతికి క్లాసు టీచర్ని చేశారు. ఎనభైల్లో మాట, నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు ఒక హైస్కూలు. జూన్‌లో బడి తెరవగానే చుట్టుపక్కల తోటల నుంచీ ఊళ్ల నుంచీ పిల్లలు వచ్చిపడ్డారు. అప్పటిదాకా ఒకే గది, ఒకే మాస్టారు ఉన్న బళ్లలో చదివినవాళ్లు. బెంచీలు కొత్త, పీరియడ్లు కొత్త, నా అరుపులూ కొత్తే.

వాళ్లలో ఒకమ్మాయి, మైలు దూరంలో మామిడితోటలో కాపురముండే కూలీల పిల్ల. మొదటి పీరియడ్ నాదే, తెలుగు. హాజరు పిలిస్తే "ఉన్నానండీ" అని ఖంగుమనేది. పద్యం రెండుసార్లు చెబితే చాలు, అప్పజెప్పేసేది. రెండో పీరియడ్‌కి మాత్రం ఉండేది కాదు. రోజూ అదే తంతు.

"మీ శిష్యురాలు హాజరు వేయించుకుని ఉడాయిస్తోందండీ" అని లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో అందరి ముందూ అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆ పిల్లని నిలబెట్టి కడిగిపారేశాను. "ఎవర్ని మోసం చేద్దామని? ఉంటే సాయంత్రం దాకా ఉండు, లేదంటే తోటలో కాయలేరుకో, ఫో!"

తెల్లారి నుంచి పిల్ల అసలు రాలేదు.

నాలుగు రోజులు చూశాను. ఇంకొన్నాళ్లు రాకపోతే పేరు కొట్టేయాల్సిందేనన్నారు హెడ్మాస్టారు. పేరు కొట్టేస్తే ఆ పిల్ల మళ్లీ బడి మొహం చూడదు, ఆ సంగతి నాకు తెలుసు. అన్నం సహించలేదు. పాఠం చెబుతూ చెబుతూ ఆగి తలుపు వంక చూసేదాన్ని. ఆదివారం పొద్దున్నే మావారు ఎక్కడికని అడుగుతున్నా వినిపించుకోకుండా బస్సెక్కాను.

తోటలో ఆఖరి కోత నడుస్తోంది. పాకలో తల్లి రసాలు ఏరుతుంటే పిల్ల గంపల్లో వరిగడ్డి పరుస్తోంది. నన్ను చూడగానే వెళ్లి తల్లి వెనక దాక్కుంది.

"ఏమ్మా, పిల్లని బడి ఎందుకు మాన్పించావు?"

"నేను మాన్పించానా అండీ! కాయలేరుకోమని మీరే అన్నారంటగా. ఏరుకుంటోందండీ."

చెంప మీద కొట్టినట్టయింది. అయినా నా నోరు ఊరుకుంటుందా? "మరి రోజూ మొదటి బెల్లుకే ఇంటికొచ్చేస్తుంటే ఎందుకని అడగలేదా?"

"గంట కొట్టి మాస్టారు వెళ్లిపోతే ఇంక బళ్లో ఏం పనండీ? పాత బళ్లో అంతేగా. పెద్ద బడి కదా, తొందరగా చెప్పేస్తారనుకున్నానండీ."

పిల్లకేసి తిరిగాను. "మిగతావాళ్లు కూర్చునే ఉన్నారుగా, చూడలేదూ?"

"వాళ్లది ప్రైవేటు కదండీ" అంది తల్లి కొంగు చాటు నుంచి. "ఇంకో మాస్టారొచ్చి చెప్తారు. ప్రైవేటుకి డబ్బులియ్యాలి. మనకొద్దని మా అమ్మంది."

అంతమంది టీచర్లం ఉండి, ఎందుకెళ్లిపోతున్నావమ్మా అని ఒక్కరమైనా అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గడ్డి మీదే చతికిలబడి మొదటి బెల్లు నుంచి సాయంత్రం బెల్లు దాకా ఏ బెల్లుకి ఎవరొస్తారో వరసగా చెప్పుకొచ్చాను, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదన్నాను. "తప్పు నాదేనే. రేపు రా" అన్నాను. పిల్ల మళ్లీ గంపలో గడ్డి పరవడం మొదలెట్టింది. తల్లి మాత్రం "మళ్లీ తిడితే పంపనండీ" అంది.

సోమవారం వచ్చింది. బెల్లు కొట్టగానే లేచి నిలబడింది. కూర్చోమని, లెక్కల మాస్టారు గుమ్మంలోకి వచ్చేదాకా నేనూ కదల్లేదు. ఆ తర్వాత ఎనిమిదో తరగతిలో ఏం చెప్పానో దేవుడికే తెలియాలి. రెండుసార్లు వరండాలోకొచ్చి కిటికీలోంచి తొంగిచూశాను. కూర్చునే ఉంది గానీ, సంచీ భుజం మీంచి దించలేదు.

అన్నం బెల్లయ్యాక ఒక్క పరుగున వెళ్లాను. పిల్ల లేదు. దగ్గరికెళ్లి చూద్దును కదా, సంచీ బెంచీ మీదే ఉంది. ఇంతలో బయట కుళాయి దగ్గర తోసుకుంటున్న పిల్లల మధ్య నుంచి దాని గొంతు వినిపించింది.

"జరగండే, మళ్లీ బెల్లు కొట్టేస్తారు!"