కండక్టరమ్మకు లారీ డ్రైవర్ కాలు

మా చిన్నకోడలు ఒకసారి ఒక కండక్టరమ్మకు లారీ డ్రైవర్ కాలు తగిలించింది. సరే, తగిలించలేదు, తగిలించబోయింది. అదీ తన చేత్తో కాదు, తను రాసిన ప్రోగ్రాంతో.

ఆమె పని కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో. ఒక్కో మనిషి కాలి కొలతలు ఒక్కో ఫైలులో ఉంటాయి. ఫైలు మీద మౌస్‌తో రెండుసార్లు నొక్కితే ఆమె ప్రోగ్రాం తెరుచుకుని ఆ కాలి ఆకారం చూపిస్తుంది. అక్కడి మేస్త్రీ మీట నొక్కితే, తెర మీద ఏ కాలుంటే ఆ కాలిని మిషను ఒక ప్లాస్టర్ దిమ్మలో చెక్కేస్తుంది. ఆ అచ్చు మీదే కాలి తొడుగు పోస్తారు.

మా కోడలికో జబ్బుంది. ఒక డబ్బా మూత పెట్టనిదే ఇంకో డబ్బా ముట్టదు. ప్రోగ్రాంను పరీక్షించినప్పుడూ అంతే. ఒక ఫైలు చూడటం, అంతా మూసెయ్యటం, అప్పుడే ఇంకోటి తెరవటం. ఎన్నిసార్లు చూసినా బంగారంలా పనిచేసింది. మేస్త్రీ మాత్రం అల్మరా తలుపు కూడా వెయ్యని రకం.

ఆ రోజు కండక్టరమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. సోమవారం కొత్త కాలితో బస్సెక్కి చూపించకపోతే ఆమె డ్యూటీ ఇంకొకరికి పోతుంది. దిమ్మ చూస్తే ఒక్కటే మిగిలింది. కొత్త సరుకు సోమవారంలోగా రాదు.

"చెడగొట్టావో, చక్రం కింద పెట్టి తొక్కిస్తా మేస్త్రీ!"

"టికెట్ కొట్టి మరీ తొక్కించు తల్లీ," అంటూ మేస్త్రీ ఆమె ఫైలు మీద టకటకా నొక్కాడు. తెర మీద కాలు కనిపించింది. మీట నొక్కేశాడు.

పక్కగదిలోంచి అప్పుడే వచ్చిన మా కోడలు తెర వంక చూసింది. కండక్టరమ్మకు కావలసింది ఎడమ కాలు. తెర మీదున్నది కుడి కాలు! పొద్దున లారీ డ్రైవర్ కోసం తెరిచిన ఫైలును మేస్త్రీ మూయలేదు. ఇప్పుడు కొత్తది నొక్కితే, ప్రోగ్రాం పాతదాన్నే ముందుకు తోసింది.

"ఆపండి బాబాయ్! ఆపండి!"

మిషను మోతలో మేస్త్రీకి వినబడలేదు. కత్తి దిమ్మలోకి దిగుతోంది. ఆమె ఒక్క గెంతులో వెళ్లి ప్లగ్ పీకేసింది.

"పోయిందా?" అంది కండక్టరమ్మ.

మేస్త్రీ దిమ్మను తిప్పి తిప్పి కొలిచాడు. "పై పొరే పోయింది. నీ కాలు ఇంకా పడుతుంది. మరికాస్త దిగుంటే అంతే సంగతులు. అమ్మాయ్, అది మూసేసి మళ్లీ తెరుద్దామా?"

"రేపు మళ్లీ మీరు మూయరుగా బాబాయ్!"

అక్కడే కూర్చుని మార్చటం మొదలుపెట్టింది. ప్రోగ్రాం అప్పటికే తెరిచి ఉంటే, కొత్తగా నొక్కిన ఫైలు దానికి చేరాలి. వెనక కండక్టరమ్మ ఊపిరి వినిపిస్తోంది. చివరికి, జన్మలో మొదటిసారి, ఒకటి మూయకుండా ఇంకోటి తెరిచింది. లారీ డ్రైవర్ కాలు అలా ఉండగానే కండక్టరమ్మ ఫైలు నొక్కింది.

ఎడమ కాలు వచ్చింది. పైన కండక్టరమ్మ పేరు.

"మీట నువ్వే నొక్కు," అన్నాడు మేస్త్రీ, చేతులు వెనక్కి పెట్టుకుని.

సోమవారం కండక్టరమ్మ బస్సెక్కి విజిల్ వేసింది. నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. కోడలి పేరు చెప్పగానే నన్ను టికెట్ అడగలేదు.

ఇదంతా చదివి వినిపిస్తే మా కోడలు చేతిలో డబ్బాకు మూత గట్టిగా బిగించింది.

"అలాంటిదేమీ జరగలేదు మామయ్యగారూ. నా ప్రోగ్రాం మొదట్నుంచీ బాగానే ఉంది. అయినా మీరు బస్సెప్పుడెక్కారు?"