అత్తమ్మ దగ్గు

మా కొడుకును ఎవరేం అడిగినా మా అత్తమ్మే జవాబు చెప్పేది. వాడి పేరైనా, ఆకలైనా.

ఓసారి వాడికి దగ్గు ముదిరితే, నిమోనియా అని భయపడి బాన్సువాడ దవాఖానకు తీసుకెళ్లాం. దగ్గు విని జబ్బు పసిగట్టే ఏఐ ఉన్న ఫోన్‌ను నర్సు వాడి ముందు పెట్టి, "జర దగ్గు బిడ్డా" అంది. వాడు నోరు బిగించాడు.

"వానికి సిగ్గు. వాని దగ్గు నేను దగ్గి చూపిస్త" అంటూ అత్తమ్మ అచ్చం వాడిలాగే దగ్గింది.

ఫోన్ చూసి నర్సు నవ్వింది. "గిది పిల్లల దగ్గు కాదంటున్నది అవ్వా."

వాడు పకపకా నవ్వి, నవ్వి, దగ్గాడు. ఫోన్ అది పట్టేసి, నిమోనియా గుర్తులు లేవని చూపింది. డాక్టరమ్మ కూడా ఛాతీ విని, "నిమోనియా లేదు, ఫికర్ చేయకుండ్రి" అంది.

వారం తర్వాత మళ్లీ వెళ్తే నర్సు వాణ్ణే అడిగింది, "ఎట్లున్నది బిడ్డా?"

అత్తమ్మ కొంగుతో నోరు మూసుకుంది. వాడు ఆ కొంగు లాగేశాడు.

"నువ్వే చెప్పు అవ్వా."