దారం కట్టిన పొట్లం

ఎవరైనా కడుపు ఉబ్బరించిందంటే, ఏం తిన్నావని నేను అడగను.

మా అవ్వ మంచాన పడ్డ రోజులవి. మంచిర్యాల స్టేషన్లో సద్దిమూట విప్పి రెండు ముద్దలు తిన్నానో లేదో, కడుపు బిగుసుకుపోయింది. చుట్టుపక్కల వాళ్లంతా "ఏం తిన్నవ్?" అనే అడిగారు. ఊరూరా పట్టుబట్టలు అమ్మే చీనా వ్యాపారి ఒకతను మాత్రం, "తినేటప్పుడు ఎవరి ఫికర్ చేసినవ్?" అన్నాడు.

"అవ్వ గురించే దిగులు," అన్నాను.

అతను చాయ్ దుకాణం నుంచి వేడినీళ్లు తెచ్చాడు. అంగీ లోపలి నుంచి దారం కట్టిన పొట్లం తీసి, అందులో ఉన్న ఎండు సంత్రపండు తొక్కలన్నీ నీళ్లలో వేశాడు.

"ఫికర్‌తోని కడుపు గట్టిపడితే మా దేశంల గిదే మందు. ఎంత పాతగైతే గంత మంచిది. మా అవ్వ ఎండవెట్టి ఇచ్చింది. జర మెల్లగ తాగు."

చేదుగా ఉన్నా తాగాను. కాసేపటికి త్రేన్పు వచ్చి కడుపు వదులైంది.

"మీ అవ్వ యాడున్నదన్నా?"

"గాడనే ఉండొచ్చు. శానా దినాల సంది ఖబర్ వస్తలేదు."

ఇంతలో రైలొచ్చింది. అతను మూట భుజానికెత్తుకోబోయి ఆగాడు. ఖాళీ పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ అదే దారంతో జాగ్రత్తగా కట్టి, అంగీ లోపల దాచుకున్నాడు.